రియాక్షన్ వార్నింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: నల్గొండలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తి చేసి, చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డీలో ఈమధ్యే చేరాను. మా ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్‌లో రియాక్షన్ గీయగానే ప్రమాదకరమైన కాంబినేషన్ ఉంటే ఎర్ర బాక్స్‌లో వార్నింగ్ వస్తుంది. మా సీనియర్లు ‘ఎన్నిసార్లు చేయలే, ఏం గాదు, ఓకే కొట్టు’ అంటారు. ఈ వార్నింగులను నమ్మాలా? రాకపోతే సేఫ్ అనుకోవచ్చా? మా కాలేజీ జూనియర్ల కోసం ఉచితంగా దొరికేవి ఏమైనా ఉన్నాయా?

సమాధానం:

మీ ప్రశ్నల్లో రెండోదే అసలైనది కాబట్టి ముందు దానికి జవాబు చెప్తాను. వార్నింగ్ వస్తే ఆగి చదవండి. రాకపోతే మాత్రం సేఫ్ అని ఎప్పుడూ అనుకోవద్దు. మీరు ఇచ్చిన వివరాల్లో దానికి తెలిసిన ప్రమాదం ఏదీ దొరకలేదని, అంతే. మీరు సగమే చెప్తే అది చెప్పేదీ సగమే. చౌటుప్పల్, చిట్యాల, బీబీనగర్ వైపు యూనిట్లలో చాలా ఏళ్లుగా ప్రాసెస్ సేఫ్టీ పని చేస్తున్నాను. స్కీమ్‌లో బాణం గుర్తుకు ఎడమ పక్కన ఉన్న వాటి విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. తేడా కొట్టేది ఆ తర్వాతే: వర్కప్‌లో (రియాక్షన్ అయ్యాక ప్రోడక్ట్‌ను విడదీసే దశ), క్వెంచ్‌లో (మిగిలిన రీఏజెంట్‌ను చంపే దశ), డిస్టిలేషన్‌లో, వేస్ట్ క్యాన్‌లో. సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా మనం వదిలేసేవి కూడా సరిగ్గా అవే.

అది లోపల ఏం చేస్తుందో తెలిస్తే ఎక్కడ నమ్మాలో మీకే అర్థమవుతుంది. ఈ రకం సాఫ్ట్‌వేర్లు రెండు పద్ధతుల్లో నడుస్తాయి. మొదటిది ఘటనల పద్ధతి. ఫలానాది ఫలానాదానితో కలిస్తే ఇలా జరిగిందని నమోదైన పట్టిక ఒకటి ఉంటుంది. మీ రీఏజెంట్ల పేర్లను, సీఏఎస్ నంబర్లను (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు నంబర్), కొన్నిసార్లు స్ట్రక్చర్‌ను దానితో పోల్చి చూస్తుంది. రెండోది గ్రూపుల పద్ధతి. అమీన్లు ఒక గ్రూపు, పెరాక్సైడ్లు ఒక గ్రూపు, ఆక్సిడైజింగ్ ఆసిడ్లు ఒక గ్రూపు, నీళ్లు కూడా ఒక గ్రూపే. మీ మాలిక్యూల్ ఏ గ్రూపుల్లోకి వస్తుందో చూసి, ఆ రెండు గ్రూపులు కలిస్తే వేడి పుడుతుందా, గ్యాస్ వస్తుందా, విషవాయువు వస్తుందా, పేలే పదార్థం తయారవుతుందా అన్నది గళ్ల పట్టికలోంచి తీసి చెప్తుంది.

మొదటి పద్ధతి చెప్పేది నికరంగా ఉంటుంది. కానీ ఇంతకుముందు ఎవరికో జరిగి, వాళ్లు దాన్ని బయటికి చెప్తేనే ఆ పట్టికలోకి ఎక్కుతుంది. రెండోది ఎవరూ చూడని కొత్త ఇంటర్మీడియట్‌కు కూడా పనికొస్తుంది, కాకపోతే ఉత్త పుణ్యానికే చాలాసార్లు ఎర్రగా చూపిస్తుంది. రెండింటికీ ఉన్న లోపం ఒకటే. జంటలుగా చూస్తాయి. మీ ఫ్లాస్క్‌లో ఐదు పదార్థాలుంటే పది జంటలు వేసి చూస్తుంది. మూడోది చేరితేనే మొదలయ్యే గొడవ, ముందు ఏది వేశారు తర్వాత ఏది వేశారు అన్న తేడా దానికి అందవు.

మన వైపు బాగా నడిచే ఉదాహరణ తీసుకుందాం. సార్టాన్లు అనే బీపీ మందుల్లో లోసార్టాన్, వల్సార్టాన్, ఇర్బిసార్టాన్, ఈ మూడింటిలోనూ టెట్రజోల్ రింగ్ ఉంటుంది. దాన్ని కట్టడానికి సోడియం అజైడ్ వాడటం మామూలే. మీరు నోట్‌బుక్‌లో నైట్రైల్ గీస్తారు, సోడియం అజైడ్ పెడతారు, ట్రైఇథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్ పెడతారు, సాల్వెంట్ దగ్గర టోలీనో డీఎంఎఫో అని రాస్తారు. సాఫ్ట్‌వేర్ ఈ టేబుల్‌ను చూసి అజైడ్ గురించి ఒక మాట చెప్పి ఊరుకుంటుంది. కింద ప్రొసీజర్ రాసే చోట మీరు మామూలు వాక్యంగా ‘ఎండీసీతో ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి’ అని రాస్తారు. ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంట్. చాలా నోట్‌బుక్‌లు ఆ వాక్యాన్ని చదవవు. అవి చదివేది రీఏజెంట్ల పేర్లు, మోతాదులు ఉండే స్టాయికియోమెట్రీ టేబుల్ మాత్రమే. అసలు ప్రమాదం ఆ వాక్యంలోనే ఉంది. మిగిలిపోయిన అజైడ్, ఎండీసీ కలిస్తే డైఅజిడోమీథేన్ తయారవుతుంది. డీఎంఎఫ్ లాంటి పోలార్ సాల్వెంట్ ఉంటే అది ఇంకా తేలిక. వెంటనే ఏమీ కనిపించదు, రంగు మారదు, పొగ రాదు. ఎండీసీని రోటావేపర్‌లో (వాక్యూమ్‌లో సాల్వెంట్‌ను ఆవిరి చేసే పరికరం) లాగుతున్న కొద్దీ అది గాఢమవుతూ వస్తుంది. చిన్న కుదుపుకే పేలే రకం.

అదే వర్కప్‌లో ప్రోడక్ట్‌ను దించడానికి హెచ్‌సీఎల్ పోసి పీహెచ్ తగ్గిస్తారు. అప్పటికి అజైడ్ మిగిలి ఉంటే హైడ్రజోయిక్ ఆసిడ్ పుడుతుంది. దాని బాయిలింగ్ పాయింట్ దాదాపు 37 డిగ్రీలు. మే నెలలో మన నల్గొండలో మధ్యాహ్నం 44 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు కదా, ఏసీ లేని గదిలో అది ద్రవంగా ఉండనే ఉండదు. పీలిస్తే సైనైడ్ గ్యాస్ అంత విషం, కండెన్సర్‌లో చల్లటి చోట చుక్కలుగా చేరితే పేలుడు పదార్థం. కాబట్టి ఆసిడ్ పోసే ముందే అజైడ్‌ను చంపాలి. దానికి సోడియం నైట్రైట్ వాడతారు. ఇక్కడ వరస ముఖ్యం: ముందు నైట్రైట్ ద్రావణం కలపాలి, ఆ తర్వాతే ఆసిడ్‌ను మెల్లగా వేయాలి. తిరగేసి చేస్తే మనం దేన్ని తప్పించుకోవాలనుకున్నామో అదే పుడుతుంది. అజైడ్, నైట్రైట్, ఆసిడ్ అనే మూడు పేర్లు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, మీరు సరైన వరసలో చేసినా తప్పు వరసలో చేసినా అది చూపించేది ఒకటే వార్నింగ్. ఆ తేడా బీపీఆర్‌లో, అంటే బ్యాచ్ ప్రొడక్షన్ రికార్డులో, మనిషి రాయాల్సిందే.

ఈ నైట్రైట్ కథకు ఇంకో మలుపు ఉంది, మీ ఫీల్డ్‌లో అందరికీ గుర్తుండేదే. 2018లో వల్సార్టాన్‌ను ఎన్నో దేశాల్లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. డీఎంఎఫ్‌లోంచి వచ్చే డైమిథైల్ అమీన్, అజైడ్‌ను చంపడానికి వేసిన నైట్రైట్, ఆసిడ్, ఈ మూడూ ఒకేచోట కలిసి ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న నైట్రోసమీన్ తయారైంది. అక్కడ పేలుడు లేదు, మంట లేదు. ఒక ప్రమాదాన్ని తప్పించడానికి వేసిన పదార్థమే ఇంకో ప్రమాదం తెచ్చిపెట్టింది. పేలుడు కోసమే వెతికే సాఫ్ట్‌వేర్‌లో ఇది పడదు. అందుకే మీ లిస్టులో రీఏజెంట్లతో పాటు వాటి నుంచి పుట్టగలిగే వాటిని కూడా పెట్టమంటాను. డీఎంఎఫ్ రాస్తే పక్కనే డైమిథైల్ అమీన్ అని కూడా రాయండి.

వేస్ట్ క్యాన్ గురించి ఎవరూ అడగరు, కానీ నన్ను అడిగితే మొదట తనిఖీ చేయాల్సింది దాన్నే. మీ ఫ్యూమ్ హుడ్ కింద ఉన్న క్యాన్‌లో పొద్దున మీరు పోసింది, మధ్యాహ్నం పక్క బెంచ్ అబ్బాయి పోసింది, రాత్రి షిఫ్ట్‌లో గ్లాస్‌వేర్ కడిగిన అసిటోన్ అన్నీ కలుస్తాయి. ఏ ఒక్కరి నోట్‌బుక్‌లోనూ ఆ కాంబినేషన్ ఉండదు. క్లోరోఫామ్, అసిటోన్ రెండే ఉంటే చాలాకాలం ఊరికే ఉంటాయి. ఎవరో కాస్త కేఓహెచ్ కలిసిన ఆల్కహాల్ అందులో పోస్తే రియాక్షన్ మొదలై క్యాన్ వేడెక్కిపోతుంది. నైట్రిక్ ఆసిడ్ బాటిల్‌లో అడుగున మిగిలిన ఆల్కహాల్ అయితే మరీ మోసం. పోసినప్పుడు ఏమీ కాదు, మూత బిగించి ఇంటికి వెళ్లాక గంటల తర్వాత గ్యాస్ పెరిగి బాటిల్ పగులుతుంది. ఒక యూనిట్‌లో నేను చూసిన ప్లాస్టిక్ క్యాన్ పక్కలు ఉబ్బి, అడుగు గుండ్రంగా తేలి, నేల మీద నిలబడలేక ఒరిగిపోయి ఉంది. దాని మీద అంటించిన చీటీలో ‘మిక్స్‌డ్ సాల్వెంట్’ అని మాత్రమే రాసి ఉంది. ఆ రెండు మాటలను ఏ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఏం చెప్తుంది? క్యాన్ మీద ఏం పోశారో, ఎప్పుడు పోశారో, ఎవరు పోశారో రాసే అలవాటు ఉంటేనే మీ కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్‌కు విలువ.

తెలియని రియాక్షన్ వల్ల ప్రమాదాలు జరుగుతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అమెరికాలో కెమికల్ సేఫ్టీ బోర్డ్ అని ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఉంది. 1980 నుంచి 2001 మధ్య వరకు అక్కడ రియాక్షన్లు అదుపు తప్పి జరిగిన 167 పెద్ద ఘటనలను వాళ్లు పరిశీలించి 2002లో రిపోర్టు ఇచ్చారు. వాటిలో 108 మంది చనిపోయారు. దాదాపు 90 శాతం ఘటనల్లో ఆ ప్రమాదం గురించి అప్పటికే పుస్తకాల్లో, పత్రికల్లో ఉంది. రాసి ఉన్న విషయం ఆ పని చేసే మనిషి దాకా రాలేదు, అంతే తేడా. అందుకే ఇలాంటి సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం. లైబ్రరీలో ఉన్న ముక్కను తూకం వేసే మనిషి కళ్ల ముందుకు, వేసే ముందే తెస్తుంది. నేను చెప్పే జాగ్రత్తలన్నీ దాన్ని పక్కన పెట్టడానికి కాదు, సరిగ్గా వాడుకోవడానికి.

ఇక అది అస్సలు చెప్పలేనిది ఒకటుంది: ఎంత వేడి అని. ‘వేడి పుడుతుంది’ అనే మాట 5 గ్రాములకూ 50 కిలోలకూ ఒకేలా వస్తుంది. మీరు కాగితం మీద లెక్క వేసుకోవచ్చు, కష్టమేం కాదు. మీ రియాక్షన్ మోల్‌కు 100 కిలోజౌళ్లు వదులుతుందనుకోండి. లీటర్‌లో 2 మోళ్లు ఉంటే లీటర్‌కు 200 కిలోజౌళ్లు. ఆర్గానిక్ సాల్వెంట్లు కిలోకు డిగ్రీకి సుమారు 2 కిలోజౌళ్లు తీసుకుంటాయి, డెన్సిటీ 0.9 అనుకుంటే లీటర్‌కు 1.8. 200ను 1.8తో భాగిస్తే దాదాపు 110 డిగ్రీలు. అంటే కూలింగ్ పోయి ఆ వేడంతా లోపలే ఉండిపోతే, 30 డిగ్రీల దగ్గరున్న మాస్, అంటే రియాక్టర్‌లోని మిశ్రమం, 140కి వెళ్తుంది. సాల్వెంట్ టీహెచ్ఎఫ్ అయితే 66 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మధ్యలోనే సాల్వెంట్ కండెన్సర్‌ను దాటి బయటికి తన్నుతుంది. ఈ ఒక్క లెక్క చాలామంది వేయరు. దీన్నే అడియాబాటిక్ టెంపరేచర్ రైజ్ అంటారు. స్కేలప్ మీటింగ్‌లో మొదట అడగాల్సిన నంబర్ ఇదే.

ఫ్లాస్క్‌లో ఎప్పుడూ కాని గొడవ రియాక్టర్‌లో ఎందుకవుతుందంటారా? గ్లాసులో చాయ్ పది నిమిషాలకు చల్లారుతుంది, పెళ్లిలో గుండిగ నిండా పెట్టిన చాయ్ గంటైనా కాలుతూనే ఉంటుంది. లీటర్ ఫ్లాస్క్ నుంచి వెయ్యి లీటర్ల జీఎల్ఆర్‌కు (గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కు) వెళ్తే పరిమాణం వెయ్యి రెట్లు పెరుగుతుంది, వేడి బయటికి పోయే గోడ వంద రెట్లే పెరుగుతుంది. లీటర్‌కు దొరికే గోడ పదో వంతుకు పడిపోయినట్టు. ల్యాబ్‌లో ఐస్ బాత్ పెట్టి ‘ఎగ్జోథర్మ్ ఏమీ లేదు’ అని రాసిన రియాక్షన్‌లో ఎగ్జోథర్మ్, అంటే వేడి పుట్టడం, లేక కాదు, ఐస్ దాన్ని మింగేసింది కాబట్టి కనిపించలేదు.

డీఎంఎఫ్‌లో సోడియం హైడ్రైడ్ దీనికి సరైన ఉదాహరణ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుల దగ్గర నుంచి అందరూ చేసేదే, పాత పేపర్లలో వేల చోట్ల ఉంటుంది. చిన్న స్కేల్‌లో నడిచిపోతుంది. కానీ సోడియం హైడ్రైడ్ డీఎంఎఫ్‌నే తినడం మొదలుపెడితే వేడి, గ్యాస్ రెండూ వస్తాయి, పెద్ద స్కేల్‌లో అది ఆగదు. డీఎంఎస్ఓ, డీఎంఏసీ సాల్వెంట్లతో కూడా ఇదే ప్రమాదమని ప్రచురించారు. మీ నోట్‌బుక్ ఈ జంటకు ఎర్ర వార్నింగ్ ఇస్తే అది నూటికి నూరుపాళ్లు సరైనదే. అక్కడ ఓకే కొట్టకుండా సాల్వెంట్‌ను టీహెచ్ఎఫ్‌కు మార్చవచ్చా, బేస్‌ను పొటాషియం టెర్షియరీ బ్యూటాక్సైడ్‌కు మార్చవచ్చా అని ల్యాబ్ దశలోనే చూడండి. ప్లాంట్‌కు వెళ్లాక మార్చడం ఎంత కష్టమో మీకు ముందు ముందు తెలుస్తుంది. వ్యాలిడేషన్, ఫైలింగ్, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

మన ఎండల గురించి కూడా ఒక మాట. గ్రూపుల పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్లు మామూలు గది ఉష్ణోగ్రతను దృష్టిలో పెట్టుకుని చెప్తాయి. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు రేకుల షెడ్డు కింద ఉన్న రా మెటీరియల్ స్టోర్‌లో మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. ‘జాగ్రత్త’ అని పసుపు రంగులో చూపిన జంటను ఎండాకాలంలో ఎరుపుగానే లెక్కపెట్టమని మా వాళ్లకు చెప్తుంటాను. ఈథర్లు, టీహెచ్ఎఫ్ లాంటివి తెరిచిన తేదీ వేయకుండా ఉంటే, పేలే పెరాక్సైడ్లు చేరాయేమో టెస్ట్ చేయకుండా డిస్టిల్ చేయొద్దు.

వేడి ఎంత అన్న ప్రశ్నకు జవాబు కొలతతోనే వస్తుంది. డీఎస్‌సీ అనే పరికరంలో కొన్ని మిల్లీగ్రాముల శాంపిల్ పెట్టి వేడి చేస్తే ఏ ఉష్ణోగ్రత దగ్గర అది తనంతట తాను విడిపోవడం మొదలుపెడుతుందో, ఎంత వేడి వదులుతుందో తెలుస్తుంది. మీ అనలిటికల్ డిపార్ట్‌మెంట్‌లో మెల్టింగ్, పాలిమార్ఫ్ కోసం డీఎస్‌సీ ఉండే ఉంటుంది. కానీ వాళ్లు వాడే మామూలు అల్యూమినియం ప్యాన్‌లో చేయమనొద్దు. సాల్వెంట్ ఆవిరైపోయి, వేడి వదిలే పీక్‌ను కప్పేస్తుంది. ప్రెజర్ తట్టుకునే, సీల్ చేసిన క్రూసిబుల్‌లో చేయమనండి. ప్రోడక్ట్‌కు మాత్రమే కాదు, రియాక్షన్ మాస్‌కు, డిస్టిలేషన్ అడుగున మిగిలే రెసిడ్యూకు కూడా చేయించండి. డీఎస్‌సీ ఆన్‌సెట్‌కు (విడిపోవడం మొదలైనట్టు అది చూపే ఉష్ణోగ్రతకు) వంద డిగ్రీలు కింద పనిచేస్తే చాలు అనే పాత సూత్రం ఇప్పటికీ వినిపిస్తుంది, దాని మీద మాత్రం ఆధారపడొద్దు. నెమ్మదిగా మొదలయ్యే డీకంపోజిషన్‌ను డీఎస్‌సీ ఆలస్యంగా పట్టుకుంటుంది. రియాక్షన్ నడుస్తున్నప్పుడు వచ్చే వేడిని కొలవడానికి రియాక్షన్ క్యాలరీమీటర్ ఉంటుంది. అది మీ దగ్గర లేకపోతే బయట చేయించుకోవచ్చు, ఖర్చు పెట్టాల్సిన చోటే అది. శాంపిల్ తయారు చేయకముందే అంచనా కావాలంటే, 1974 నుంచి ఏఎస్‌టీఎం సంస్థ ఇస్తున్న చీటా అనే ప్రోగ్రామ్ ఉంది. మాలిక్యూల్‌ను గ్రూపులుగా విడగొట్టి ఎంత ఎనర్జీ దాచుకుందో లెక్కగట్టి చెప్తుంది.

మీ జూనియర్ల సంగతికి వస్తాను. కామియో కెమికల్స్ అని ఒకటి ఉంది, అమెరికా ప్రభుత్వ సంస్థలు నోవా, ఈపీఏ కలిసి నడిపేది. పూర్తిగా ఉచితం, వెబ్‌సైట్‌గానూ, ఫోన్ యాప్‌గానూ దొరుకుతుంది. ప్రమాదం జరిగిన చోటికి మొదట చేరుకునే ఫైర్ సిబ్బంది కోసం చేసినది కాబట్టి భాష సూటిగా ఉంటుంది. అందులో మీకు కావలసిన రసాయనాలను ఒక లిస్టుగా చేర్చి రియాక్టివిటీ చూడమంటే, ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో రంగుల పట్టిక ఇస్తుంది. ఇదే లెక్కతో నడిచే కెమికల్ రియాక్టివిటీ వర్క్‌షీట్ అనే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. దానిలో నాకు నచ్చేది, లిస్టులో లేని మీ సొంత రసాయనాన్ని దాని గ్రూపులు చెప్పి చేర్చుకోవచ్చు. కంపెనీ ఇంటర్మీడియట్ల స్ట్రక్చర్లు బయటి వెబ్‌సైట్లలో పెట్టకూడదు కదా, మీ కంప్యూటర్‌లోనే నడిచే దీంట్లో ఆ టెన్షన్ లేదు. ఒలికితే పీల్చడానికి ఏం వాడకూడదో కూడా చెప్తుంది. నైట్రిక్ ఆసిడ్ ఒలికితే రంపపు పొట్టు చల్లే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది అంటుకుంటుంది. ఒక్కో రసాయనం గురించి విడిగా కావాలంటే పబ్‌కెమ్‌లో ల్యాబ్ సేఫ్టీ సమ్మరీ పేజీలు ఉన్నాయి, అవీ ఉచితమే.

మహాత్మా గాంధీ యూనివర్సిటీలో అయినా, పాలమూరు యూనివర్సిటీలో అయినా, మామూలు డిగ్రీ కాలేజీలో అయినా లెక్చరర్లు ఒక పని చేయొచ్చు. సెమిస్టర్ మొదట్లో ఆ సెమిస్టర్ ప్రాక్టికల్స్‌కు బయటికి తీసే బాటిళ్లన్నీ విద్యార్థుల చేతే లిస్టు రాయించి, గ్లాస్‌వేర్ కడగడానికి వాడే అసిటోన్‌ను, ఆసిడ్‌ను, నీళ్లను కూడా అందులో చేర్చి, వచ్చిన పట్టికను ప్రింట్ తీసి సింక్ పైన అంటించాలి. ఎరుపు వచ్చిన ప్రతి గడి ఎందుకు ఎరుపో ఒక్కో విద్యార్థి వివరించాలి. ఎమ్మెస్సీలో నేర్చుకున్న మెకానిజమ్స్ అన్నీ అక్కడ పనికొస్తాయి. ఇంటర్వ్యూలో ప్రాసెస్ సేఫ్టీ మీద రెండు మాటలు చెప్పగలిగే ఫ్రెషర్‌ను మేం వదులుకోం, ఇది కూడా వాళ్లకు చెప్పండి.

ఘటనల పద్ధతిలో చెప్పుకోదగ్గది కెమికల్ సేఫ్టీ లైబ్రరీ. ఫార్మా కంపెనీలు సభ్యులుగా ఉన్న పిస్టోయియా అలయన్స్ దీన్ని 2017లో మొదలుపెట్టింది, ఆ తర్వాత సీఏఎస్ సంస్థ హోస్ట్ చేస్తోంది. ఒక కంపెనీ ల్యాబ్‌లో జరిగింది పోటీ కంపెనీ ల్యాబ్‌కు కూడా తెలియాలి అన్నది దాని ఉద్దేశం. ఏ రీఏజెంట్లు, ఏ పరిస్థితుల్లో, ఏం జరిగింది అన్నంతవరకు రాస్తే చాలు. మన దగ్గర ఈ అలవాటు రావాలని నా కోరిక. ఈ హైవే పొడవునా ఉన్న యూనిట్లలో ఒకే రకం కెమిస్ట్రీ నడుస్తుంది, ఒకే రకం నియర్ మిస్‌లు (త్రుటిలో తప్పిన ప్రమాదాలు) జరుగుతాయి, అన్నీ గేటు లోపలే ఉండిపోతాయి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో కెమిస్ట్ చెప్పడు, ఆడిట్ భయంతో మేనేజర్ చెప్పడు. అవతలి యూనిట్‌లో అదే ఫ్లాస్క్‌ను అదే విధంగా ఇంకో కుర్రాడు వేడి చేస్తుంటాడు. కనీసం మీ కంపెనీ లోపల ఒక రిజిస్టర్ పెట్టి, అందులోని జంటలను మీ నోట్‌బుక్ వార్నింగ్ పట్టికలో చేర్చమని ఐటీ వాళ్లను అడగండి. సొంత ఎంట్రీలు చేర్చుకునే వీలున్న నోట్‌బుక్‌లు ఉన్నాయి.

ఈమధ్య చాట్‌బాట్‌లను అడిగేవాళ్లు పెరిగారు. ఏం వెతకాలో తెలుసుకోవడానికి అడగండి, తప్పులేదు. అది ‘సేఫ్’ అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. కంపెనీ స్ట్రక్చర్లు అసలే పెట్టొద్దు.

ఇక మీ సీనియర్ల సంగతి. వాళ్లు అలా అనడానికి కారణం ఉంది. రోజూ మెథనాల్‌కు కూడా ఎర్ర బాక్స్ వస్తుంటే ఎవరైనా చదవకుండానే ఓకే కొడతారు. ఇది మనుషుల తప్పు కన్నా సాఫ్ట్‌వేర్‌ను సెట్ చేసిన తీరులో తప్పు. మండే గుణం, విష గుణం లాంటి ఒక్కో రసాయనానికి ఉండే హెచ్చరికలను పక్కన చిన్నగా చూపిస్తే చాలు. రెండు కలిస్తే వచ్చే ప్రమాదానికి మాత్రమే ఎర్ర బాక్స్ రావాలి. అది వచ్చినప్పుడు ఓకే బటన్ ఒక్కటే ఉండకూడదు, ‘నేను ఈ జాగ్రత్త తీసుకుంటున్నాను’ అని ఒక వాక్యం టైప్ చేస్తేనే ముందుకు వెళ్లాలి. ఈ మార్పు మీ ఈహెచ్ఎస్ (ఎన్విరాన్‌మెంట్, హెల్త్, సేఫ్టీ) వాళ్లు కూర్చుని చేస్తే అయిపోయేదే.

‘ఎన్నిసార్లు చేయలే’ అన్న మాటకు మాత్రం నా దగ్గర ఒకటే జవాబు. 2007 డిసెంబర్ 19న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ అనే ప్లాంట్ పేలిపోయింది. నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. డైగ్లైమ్ సాల్వెంట్‌లో సోడియంతో చేసే రియాక్షన్ అది. ఆ రోజు నడుస్తున్నది 175వ బ్యాచ్. 42వ బ్యాచ్ దగ్గర బ్యాచ్ సైజును మూడో వంతు పెంచారు. ఆ రోజు కూలింగ్ ఆగింది, ఉష్ణోగ్రత దాదాపు 200 డిగ్రీలకు చేరేసరికి సోడియం, సాల్వెంట్ మధ్య రెండో రియాక్షన్ అందుకుంది. అంత ఉష్ణోగ్రత దగ్గర ఏమవుతుందో అంతకుముందు ఎవరూ కొలవలేదు. అంతకుముందు బ్యాచ్‌లు సాఫీగా అయ్యాయంటే కూలింగ్ పనిచేసిందని అర్థం.

మీరు కొత్తగా చేరారు కాబట్టి సీనియర్‌తో వాదన పెట్టుకోమని చెప్పను. ‘సార్, వార్నింగ్ వచ్చింది, ఓకే కొట్టే ముందు రిమార్క్ ఏం రాయమంటారు?’ అని అడగండి. రిమార్క్ ఆయన పేరుతో వెళ్తుందంటే ఆయనే ఒకసారి చదువుతారు. చాలాసార్లు నిజంగానే కారణం ఉంటుంది, మీకు ఒక పాఠం దొరుకుతుంది. కారణం దొరకకపోతే ముందు సగం గ్రాము స్కేల్‌లో, హుడ్ సాష్ (ముందు ఉండే అద్దం) దించి, షీల్డ్ పెట్టి, రీఏజెంట్‌ను లాట్లు లాట్లుగా వేస్తూ, లోపలి టెంపరేచర్‌ను ప్రతి లాట్‌కూ రాస్తూ చేస్తానని చెప్పండి. బాత్ టెంపరేచర్ కాదు, మాస్ టెంపరేచర్ రాయాలి. లిస్టులో వర్కప్ సాల్వెంట్లు, క్వెంచ్ చేసేవి, నీళ్లు, పుట్టే బై ప్రోడక్ట్‌లు, అది చివరికి వెళ్లే వేస్ట్ క్యాన్‌లో అప్పటికే ఉన్నవి అన్నీ చేర్చి మళ్లీ ఒకసారి సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. మీ నోట్‌బుక్‌లో వర్కప్ సాల్వెంట్‌కు విడిగా గడి లేకపోతే, వాటిని కూడా రీఏజెంట్ టేబుల్‌లోనే సున్నా ఈక్వివలెంట్లతో చేర్చండి. అప్పుడు పోల్చి చూస్తుంది. అజైడ్, ఎండీసీ లాంటివి అలాగే బయటపడతాయి.

ఏదైనా ఒక రియాక్షన్ విషయంలో అనుమానం ఉంటే స్ట్రక్చర్ పెట్టకుండా ఫంక్షనల్ గ్రూపులు, సాల్వెంట్, స్కేల్, ఉష్ణోగ్రత, అడిషన్ వరస రాసి కింద అడగండి, చూసి చెప్తాను.